పంది ముక్కలు పెడదాం, చీటీ రాసి మరీ పెడదాం



ఫ్రెషర్స్ పార్టీ మెనూ గురించి గ్రూపులో వారం నుంచి మాటలు నడుస్తున్నాయి. చికెన్ బిర్యానీ మీద ఎవరికీ గొడవ లేదు. పప్పు, గుత్తొంకాయ మీద కూడా లేదు. గొడవంతా స్టార్టర్ దగ్గరే ఆగింది. పొగలో వండి, బెల్లం తేనె పట్టించి, వేళ్లకు అంటుకునేలా చేసే పంది ముక్కలు పెడదామని కొందరన్నారు. "బయటి అతిథులొస్తారు, సార్లు మేడమ్‌లు వస్తారు, పంది ఎందుకు? మళ్లీ మనల్నే అంటారు" అని ఇంకొందరన్నారు. "కావాలంటే పార్టీ అయ్యాక రూములో మనవాళ్ల వరకు చేసుకుందాం" అని మధ్యలో ఒక రాజీ మాట కూడా వచ్చింది.

సీనియర్లం కొందరం కూర్చుని మాట్లాడుకున్నాం. మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం. పెడదాం. రూములో కాదు, పార్టీలోనే పెడదాం. గిన్నె ముందు "పంది మాంసం" అని పెద్ద అక్షరాలతో చీటీ రాసి పెడదాం. తినేవాళ్లు తింటారు, తిననివాళ్లు చీటీ చూసి పక్క బల్లకు వెళ్తారు. ఎందుకిలా అంటున్నామో ఓపికగా చదవండి, పోస్టు కొంచెం పెద్దదే.

ముందు ఈ వంటకం ఎక్కడిదో చూద్దాం. వీడియోల్లో చూసి మోజు పడ్డారని కొందరు ఎగతాళి చేశారు కాబట్టి ఇది చెప్పాలి. దీన్ని అమెరికాలో "బర్న్ట్ ఎండ్స్" అంటారు. మాడిన కొసలు అని అర్థం. మొదట్లో ఇది పంది కూడా కాదు, గొడ్డు రొమ్ము మాంసం. కాన్సస్ సిటీ అనే ఊళ్లో ఆర్థర్ బ్రయంట్ అనే నల్లజాతి ఆయన హోటల్ నడిపేవాడు. గంటల తరబడి పొగలో ఉడికిన మాంసాన్ని కోసేటప్పుడు అంచుల్లో నల్లగా, గట్టిగా అయిన ముక్కలు ఊడిపోయేవి. ప్లేటులో పెట్టి అమ్మడానికి అవి పనికిరావని కోసేవాళ్లు కౌంటర్ పక్కకు నెట్టేసేవాళ్లు. లైన్లో నిలబడ్డవాళ్లు ఊరికే తీసుకుని తినేవాళ్లు. 1972లో కాల్విన్ ట్రిలిన్ అనే రచయిత ఆ హోటల్ గురించి, ఊరికే దొరికే ఆ ముక్కల గురించి ఒక పత్రికలో గొప్పగా రాశాడు. ఇవాళ అవే ముక్కలకు మెనూలో విడిగా పేరుంది, విడిగా ధర ఉంది. గొడ్డు రొమ్ము బదులు పంది పొట్ట మాంసంతో చేసే తీపి రకం ఆ తర్వాత వచ్చింది. మనం చేద్దామంటున్నది అదే.

బ్రయంట్ కంటే ముందు అదే ఊళ్లో హెన్రీ పెర్రీ అనే ఇంకో నల్లజాతి వంటాయన ఉన్నాడు. 1908 ప్రాంతంలో ఒక సందులో చిన్న దుకాణం పెట్టి, పొగలో కాల్చిన మాంసాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి 25 సెంట్లకు అమ్మాడు. అమెరికాలో బానిసత్వం పోయింది 1865లో. ఆ తర్వాత పుట్టిన మొదటి తరం మనిషి ఆయన. కాన్సస్ సిటీ బార్బెక్యూకి తండ్రి అని ఇప్పటికీ ఆయన్నే చెప్పుకుంటారు. ఆ రోజుల్లో ఆయన తన వంటని రూములో మనవాళ్ల వరకు చేసుకుని ఊరుకోలేదు. సందులో నిలబడి అందరి ముందూ అమ్మాడు. ఆ ఊరి పేరు ఇవాళ ప్రపంచానికి తెలిసింది ఆ వంట వల్లే.

ఇంకా వెనక్కి వెళ్దాం. అసలు "బార్బెక్యూ" అన్న మాట ఎవరిది? కరీబియన్ దీవుల్లో ఉండే తైనో ఆదివాసులది. నిప్పు పైన కర్రలతో మంచె లాగా కట్టి, దాని మీద చేపలు, మాంసం పెట్టి సన్న సెగకు, పొగకు వండేవాళ్లు. ఆ ఏర్పాటు పేరునే స్పెయిన్ వాళ్లు "బార్బకోవా" అని రాసుకున్నారు. పంది మాత్రం అక్కడిది కాదు. 1493లో కొలంబస్ రెండోసారి వచ్చినప్పుడు ఓడల్లో తెచ్చాడు. తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే రోగాలతో, వెట్టితో, కత్తులతో తైనోల్లో చాలామంది పోయారు. వాళ్ల మాట మాత్రం లోకమంతా తిరుగుతోంది. బార్బెక్యూ హోటల్‌కి వెళ్లి వేలకు వేలు బిల్లు కట్టేవాళ్లలో ఎంతమందికి తెలుసు అది ఒక ఆదివాసీ మాట అని? కాబట్టి ఇది అమెరికా వాళ్ల ఫ్యాషన్, మనకెందుకు అనేవాళ్లకు మా జవాబు ఇదే. మంచె కట్టి పొగలో వండడం ఆదివాసులు లోకానికి చూపించిన పని.

మనకు మాత్రం కొత్తా? ఇంట్లో పొయ్యి పైన వెదురు తడక కట్టి దాని మీద విత్తనాలు, మొక్కజొన్న కంకులు పెట్టడం చూసినవాళ్లమే. మాంసం ఎక్కువైన రోజు సన్నగా కోసి, తాడుకు గుచ్చి పొయ్యి పైన వేలాడదీసి, వానాకాలం దాకా దాచుకున్న ఇళ్లు మనవి. కొందరం ఎండు తునకలంటాం, కొందరం ఒరుగులంటాం. పొగ మాంసాన్ని చెడిపోకుండా కాపాడుతుందని మన అవ్వలకు ఎవరూ పాఠం చెప్పలేదు.

బొంగులో చికెన్ సంగతి చూడండి. అడవికి, పోడుకు వెళ్లినప్పుడు గిన్నె మోసుకెళ్లే పని లేకుండా పచ్చి వెదురులో కూరి కాల్చుకునే తిండి అది. ఇవాళ అరకు రోడ్డు పొడవునా అదే, నగరాల్లో పెద్ద హోటళ్లలోనూ అదే. మన కొండల మీద పండే కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. అంటే మన తిండిలో లోపమేమీ లేదు. బయటివాళ్లు బోర్డు పెట్టి అమ్మేదాకా దాన్ని మనమే దాచుకోవడం లోపం. పంది కూడా ఏదో ఒక రోజు ఏసీ హోటల్ మెనూలోకి వస్తుంది. అప్పుడు మనం కూడా డబ్బులు కట్టి తిని ఫొటోలు పెడతాం. దానికంటే ముందు మన చేతులతో మనం వండి పెడదాం అంటున్నాం.

ఇక అసలు అభ్యంతరం, "మనల్నే అంటారు" అన్నది. నిజమే, అంటారు. "పంది తినేవాళ్లు" అన్న మాట మనలో చాలామంది స్కూల్లోనే విన్నాం. పంది వండారని అద్దె రూము ఖాళీ చేయించిన ఓనర్లను కూడా చూశాం. మన ఎరుకల తమ్ముళ్లు, చెల్లెళ్లు విన్నంత మనలో ఇంకెవరూ విని ఉండరు. పందులు పెంచడం వాళ్ల తాతల నాటి పని. బ్రిటిష్ వాళ్లు నేరస్త జాతుల చట్టం పెట్టి వాళ్ల మీద దొంగలని ముద్ర వేశారు. స్టువర్ట్‌పురం సెటిల్‌మెంట్ ఆ కాలానిదే. ఆ చట్టం 1952లో పోయింది కానీ ముద్ర పోలేదు. దానికి తోడు పట్నాల్లో పందుల్ని పట్టుకెళ్లినప్పుడల్లా వాళ్ల కూడు పోతుంది. మన పార్టీలో ఆ పిల్లలు కూడా ఉంటారు. "పంది పెడితే పరువు పోతుంది" అని మన గ్రూపులోనే రాస్తే, అది వాళ్ల అమ్మానాన్నల పని మీద మనం వేసిన మాట అవుతుంది. ఈ ముక్క రాసినవాళ్లు ఆ ఉద్దేశంతో రాయలేదని మాకు తెలుసు. కానీ చదివినవాళ్లకు ఎలా తగులుతుందో ఆలోచించాలి కదా.

ఈ బాధ మనదొక్కరిదే కాదు. ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ఢిల్లీలో పడ్డది కూడా ఇదే. నాగా ఇళ్లలో పొగబెట్టిన పంది మాంసాన్ని అఖుని అనే పులియబెట్టిన సోయాతో వండుతారు, వాసన ఘాటుగా ఉంటుంది. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్యం నుంచి వచ్చే విద్యార్థుల కోసం ఒక పుస్తకం వేశారు. అందులో భద్రతా జాగ్రత్తలతో పాటు, వాసన వచ్చే ఇలాంటి వంటలు ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా చేసుకోండి అని కూడా రాశారు. దాని మీద పెద్ద విమర్శ వచ్చింది. తర్వాత 2019లో "అఖుని" పేరుతోనే నికొలస్ ఖర్కోంగర్ ఒక హిందీ సినిమా తీశాడు. ఒక పెళ్లి పార్టీకి ఆ పంది కూర వండడానికి ఢిల్లీలో స్నేహితులు పడే తిప్పలే కథంతా. చూడనివాళ్లు చూడండి. ఆ పిల్లలు దాచి దాచి వండాల్సి వచ్చింది ఎందుకంటే ఇల్లు వాళ్లది కాదు. మనకు ఆ ఇబ్బంది లేదు. హాలు మనం తీసుకున్నాం, డబ్బులు మనం వేసుకున్నాం, పార్టీ మనది. ఇక్కడ కూడా దాచితే ఇంకెక్కడ తింటాం?

రెండో అభ్యంతరం ఆరోగ్యం గురించి. "పంది తింటే మెదడులోకి పురుగులు వెళ్తాయి" అని ఒక తమ్ముడు రాశాడు. భయం పూర్తిగా అబద్ధం కాదు, కానీ సగమే తెలిసిన మాట. బద్దెపురుగు తిత్తులున్న పంది మాంసాన్ని సరిగా ఉడకకుండా తింటే ఆ మనిషి పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులోకి వెళ్లేది వేరే దారి. ఆ పురుగు ఉన్న మనిషి మలంలో గుడ్లు పోతాయి. చేతులు కడుక్కోకపోతే, మురికి నీళ్లతో పండిన ఆకుకూర కడగకుండా తింటే ఆ గుడ్లు ఇంకొకరి కడుపులోకి వెళ్లి, అక్కడి నుంచి మెదడుకు చేరతాయి. అంటే పంది జన్మలో ముట్టనివాళ్లకు కూడా ఆ జబ్బు రావచ్చు. మందు మూడు ముక్కల్లో ఉంది. మరుగుదొడ్డి, చేతులు కడగడం, మాంసం పూర్తిగా ఉడకడం. మనం చేసే పద్ధతిలో మాంసం లోపల వేడి 90 డిగ్రీలు దాటుతుంది. 71 డిగ్రీలకే ఆ తిత్తులు చస్తాయి. అయినా కొనేటప్పుడు చూసుకుందాం. మాంసంలో బియ్యపు గింజల్లా తెల్లని తిత్తులు కనబడితే ఆ మాంసం వద్దు. కొట్టంలో దాణా పెట్టి పెంచిన పందినే తెద్దాం.

కొవ్వు ఎక్కువ, తీపి ఎక్కువ అన్నది మాత్రం నిజం. రోజూ తినే తిండి కాదిది. పార్టీకి మనిషికి మూడు ముక్కలు, అంతే.

మూడో విషయం తిననివాళ్ల గురించి. మాకు అన్నిటికంటే ముఖ్యమైన అభ్యంతరం ఇదే. మన గ్రూపులోనే పంది తిననివాళ్లు చాలామంది ఉన్నారు. కొందరికి మతం, కొందరికి మొక్కు, కొందరికి ఇంటి ఆచారం, కొందరికి వాసన పడదు. ఆదివాసులంటే అందరూ పంది తింటారు అని మనమే అంటే బయటివాళ్లు వేసే ముద్రనే మనం వేసినట్టు. కాబట్టి కొన్ని పద్ధతులు ముందే అనుకుందాం. పందికి గిన్నెలు, కత్తులు, పటకార్లు, జల్లెడ అన్నీ వేరు. తిననివాళ్ల కోసం చికెన్, కంద ముక్కలు ఇదే తేనె బెల్లం పులుసుతో చేద్దాం, వేరే పొయ్యి మీద, వేరే మనుషులతో. పులుసు ముందే రెండు గిన్నెల్లోకి తీసి పెట్టాలి. బల్లలు కూడా దూరంగా ఉండాలి. ఇంకోటి, "ఒక్క ముక్క తిను, ఏం కాదు" అని ఎవరూ ఎవర్నీ బలవంతం చేయకూడదు, సరదాకి కూడా. తినడం మన హక్కు అంటున్నవాళ్లం, తినకపోవడం కూడా హక్కే అని ఒప్పుకోవాలి.

ఇప్పుడు వంట. ఎలా చేస్తారో తెలియక భయపడేవాళ్ల కోసం మొత్తం రాస్తున్నాం.

5 కిలోల పొట్ట మాంసం కావాలి, కొవ్వు పొర కండ పొర కలిసి ఉన్నది. తోలు తీయించి, అంగుళంపావు ముక్కలు కొట్టించాలి. సుమారు 140 ముక్కలొస్తాయి, 45 మందికి సరిపోతాయి. ముక్కలకు ఉప్పు 60 గ్రాములు, మిరియాల పొడి 30, కారం 30, ధనియాల పొడి 20, చికోరీ కలపని కాఫీ పొడి 15 గ్రాములు పట్టించాలి. కాఫీ ఎందుకంటారా, కొవ్వు మాంసానికి ఆ చేదు బాగా నప్పుతుంది. పైగా మన కాఫీ, మన మిరియాలు ఒకే తోటలో పెరుగుతాయి. పట్టించిన మాంసాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి.

పొయ్యికి ఇటుకలు చాలు. మూడు వైపులా రెండడుగుల ఎత్తు పేర్చి, పైన స్టీలు జల్లెడ, దాని మీద మూత. జింకు పూత ఉన్న ఇనుప జల్లెడ, రేకు వాడొద్దు, వేడికి విషపు పొగ వస్తుంది. బొగ్గులు ఒక పక్కకే ఉండాలి, మాంసం ఇంకో పక్కన. కింద నేరుగా నిప్పు ఉండకూడదు. బొగ్గుల మీద ఎండిన జామ కర్ర గానీ మామిడి కర్ర గానీ రెండు మూడు ముక్కలు పెట్టాలి. వేప వద్దు, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ అసలే వద్దు. పొగ పల్చగా, నీలంగా ఉంటే మంచిది. తెల్లగా దట్టంగా వస్తుంటే గాలి అందట్లేదని అర్థం, మాంసం చేదెక్కుతుంది. లోపల వేడి 110 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. ఇలా 3 గంటలు. ముక్కలు ఎర్రగా, అంచులు గట్టిగా అవుతాయి.

తీపి మొదట్లో వేయకూడదు. బెల్లం, తేనె పొయ్యి మీద గంటల తరబడి ఉంటే మాడి చేదవుతాయి. అందుకే 3 గంటల తర్వాత ముక్కల్ని లోతు పళ్లెంలోకి తీసి బెల్లం తురుము 200 గ్రాములు, తేనె 100, వెన్న 100 గ్రాములు వేసి కలిపి, మూత పెట్టి గంటన్నర మళ్లీ సెగ మీద ఉంచాలి. గట్టిగా ఉండే పీచు ఈ సమయంలోనే కరిగి జిగురవుతుంది. కత్తి మొన గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగాలి. తర్వాత అడుగున చేరిన కొవ్వు వంపేయాలి.

ఆఖరికి పులుసు. 100 గ్రాముల చింతపండు నానబెట్టి తీసిన గుజ్జు, బెల్లం 150, తేనె 100, దంచిన అల్లం వెల్లుల్లి 50, ఎండుమిరపకాయలు కారానికి తగినన్ని, ఉప్పు రుచికి. చిక్కబడే దాకా మరిగించి ముక్కలకు పట్టించి, మూత లేకుండా 15, 20 నిమిషాలు ఉంచితే మెరుస్తూ అంటుకుంటుంది. అడ్డాకు దొప్పల్లో వడ్డిద్దాం. మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

మొత్తం 5 గంటల పని, నిప్పు రాజేయడం కాకుండా. ఆ 5 గంటలు ఎవరు నిలబడతారు? ప్రతి పార్టీలో వంట దగ్గర చెల్లెళ్లు, స్టేజీ దగ్గర తమ్ముళ్లు కనబడుతున్నారు. ఈసారి నిప్పు దగ్గర తమ్ముళ్లే గంటకొకరు చొప్పున మారుతూ ఉండాలని మా ప్రతిపాదన. చెల్లెళ్లు మైకు పట్టుకోండి.

సరుకులు ఎక్కడ కొంటామన్నది కూడా ముఖ్యం. తేనె, చింతపండు జీసీసీ డిపోలో తీసుకుందాం. 1956 నుంచి మన అడవి సరుకు కొనే సంస్థ అది, మన ఊళ్ల నుంచి వచ్చిందే మనం కొంటాం. మాంసం మాత్రం కొట్టంలో పెంచే ఎరుకల కుటుంబం దగ్గర ముందే చెప్పి తీసుకుందాం, బేరం ఆడకుండా. 5 కిలోల డబ్బు పెద్దదేమీ కాదు. కానీ "మీ పిల్లలు చదివే చోట పార్టీకి కావాలి" అని చెప్పి కొంటే ఆ మాటకు వాళ్లింట్లో విలువ ఉంటుంది.

ఇదీ మా మాట. ఆదివారం రాత్రి లోపు అందరూ రాయండి. వంటకు వచ్చేవాళ్లు పేర్లివ్వండి, కర్ర తేగలిగినవాళ్లు చెప్పండి. వద్దనేవాళ్లు కూడా మొహమాటం లేకుండా రాయండి. డబ్బు చాలదన్నా, టైము లేదన్నా, మా ఇంటి ఆచారానికి ఇబ్బందన్నా కూర్చుని మాట్లాడుకుని దారి చూద్దాం. "వాళ్లు ఏమనుకుంటారో" అన్న ఒక్క కారణం మాత్రం ఈసారి ఒప్పుకోం.

జోహార్.